గోదావరి జిల్లాల్లో ఎండాకాలం పెళ్లి: ఎండకీ, గాలివానకీ తట్టుకునేలా ఎలా ఏర్పాట్లు చేసుకోవాలి

వైశాఖం, జ్యేష్ఠం ముహూర్తాలు పెట్టుకున్నవాళ్లు అందరూ అడిగేది ఇంచుమించు ఒకటే. "మేలో పెళ్లి కుదిరిందండీ, హాలు తీసుకోవాలా, ఇంటి దగ్గరే పందిరి వేసుకోవచ్చా, మధ్యలో వానొస్తే ఏంటి పరిస్థితి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట ఉంటే మేలని ఇది రాస్తున్నాను. ఇది ముఖ్యంగా అమలాపురం, రాజోలు, నరసాపురం, పాలకొల్లు, భీమవరం, తణుకు, రావులపాలెం వైపు వాళ్ల కోసం. పొడి ఎండ కాసే ఊళ్లలో పనికొచ్చే ఏర్పాట్లు కొన్ని మన దగ్గర అస్సలు పనిచేయవు, ఎందుకంటే మనకి ఎండతో పాటు ఉక్క కూడా ఉంటుంది.

ఒక విషయం ముందే చెప్పాలి. అందరూ ఎండ గురించే టెన్షన్ పడి ఏసీలు, కూలర్లు అంటూ తిరుగుతారు. మన దగ్గర మే నెల పెళ్లిని నిజంగా చెడగొట్టేది మాత్రం సాయంత్రం గాలివాన. పగలంతా కాగి కాగి, నాలుగింటికి పడమటి వైపు నల్లగా కమ్ముకొచ్చి, అరగంట గాలి కొడితే చాలు, పందిరి, లైట్లు, వంటలు అన్నీ ఒకేసారి పోతాయి. తుపాన్లు కూడా మేలో రావని కాదు. 1990 మే 9న వచ్చిన తుపాను కృష్ణా డెల్టాని ముంచింది, 2010 మే 20న లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది, 2022 మే 11న అసని మచిలీపట్నం, నరసాపురం మధ్యే తీరం దాటింది. అందుకని ఎండకి ఒక ప్లాను, గాలివానకి ఇంకో ప్లాను, రెండూ విడివిడిగా ఉండాలి. ఒకదానికి చేసిన ఏర్పాటు రెండోదానికి చాలాసార్లు అడ్డమే అవుతుంది.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

- పంతులు గారి దగ్గర రాయించుకున్న రెండు మూడు ముహూర్తాలు, ఒక్కటే కాదు
- పందిరికి నడిచి వెళ్లేంత దూరంలో పక్కా భవనం, దాని తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఆ మనిషి ఫోన్ నంబరు
- లోడుకి సరిపడే జనరేటర్, ఆపరేటర్, రాత్రంతటికీ డీజిల్
- తాగే నీళ్లు వేరుగా, వాడుక నీళ్లు వేరుగా
- కొత్త బరకాలు (టార్పాలిన్లు), మోకులు, ఇనుప మేకులు, నాలుగు పొడవాటి వెదురు కర్రలు
- ఓఆర్ఎస్ పొట్లాలు, తువ్వాళ్లు, తాటాకు విసనకర్రలు
- "ఇప్పుడు లోపలికి మార్చేద్దాం" అని చెప్పే అధికారం ఉన్న ఒక మనిషి

ఆ చివరిది దొరకడమే కష్టం. దాని గురించి కింద చెబుతాను.

1. ముహూర్తం ఎంచుకునేటప్పుడే సగం పని అయిపోతుంది

మూఢాలు, అధిక మాసాలు పోగా మిగిలే ముహూర్తాలు కొన్నే. పంతులు గారు చెప్పిన మొదటి దానికే తలూపేయకుండా ఒక మాట అడగండి: "తెల్లవారుజాము లగ్నం గానీ, రాత్రి ఎనిమిది దాటాక గానీ ఏమైనా ఉందాండీ?" మన పెళ్లిళ్లకి రాత్రి ముహూర్తాలు కొత్తేం కాదు, పెద్దవాళ్లూ అభ్యంతరం చెప్పరు.

తప్పించుకోవాల్సింది పగలు పదకొండు నుంచి నాలుగు మధ్య లగ్నం. ఆ టైములో పెళ్లి అంటే చుట్టాలు తొమ్మిదింటి నుంచి దారిలో ఉంటారు, భోజనాలు ఒంటిగంట ఎండలో, వెనక్కి వెళ్లేది మూడింటికి. ఇక సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య లగ్నం చల్లగా ఉంటుందని తీసుకుంటారు గానీ, గాలివాన వచ్చే టైము కూడా సరిగ్గా అదే. హాల్లో అయితే ఫర్వాలేదు. ఆరుబయట అయితే నాకు మాత్రం తెల్లవారుజామే మేలనిపిస్తుంది. ఆరు గంటల కల్లా తాళి కట్టడం అయిపోతే, టిఫిన్లు పెట్టి పదింటికల్లా అందరినీ పంపేయొచ్చు.

రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలై జూన్ మొదటి వారం దాటేదాకా ఉంటుంది. రోళ్లు పగిలే ఎండ అని ఊరికే అనలేదు. ఆ రోజుల్లో తప్పదనుకుంటే హాలే తీసుకోండి, ఆరుబయట వద్దు.

ఇంకొకటి, ముహూర్తాలు తక్కువున్న ఏడాది ఒకే రోజు ఊరూరా పెళ్లిళ్లే. షామియానావాళ్లు, వంటవాళ్లు, జనరేటర్లు అన్నీ ఆ రోజే కావాలి. డేటు అనుకున్న రోజే అడ్వాన్సులు ఇచ్చేయండి. తేదీ మారితే డబ్బు సంగతేంటో హాలువాళ్ల చేత రసీదు మీద రాయించుకోండి.

2. హాలా, పందిరా?

మూడు వందల మంది దాటితే, పగటి పెళ్లి అయితే, హాలు. ఇందులో పెద్దగా ఆలోచించాల్సింది లేదు. "ఏసీ హాలు" అన్న బోర్డు చూసి మాత్రం సంతోషపడిపోకండి. ఇంకో పెళ్లి జరుగుతున్న రోజు, మధ్యాహ్నం రెండింటికి, జనం నిండా ఉన్నప్పుడు వెళ్లి వెనక వరసలో పది నిమిషాలు కూర్చోండి. మీకు చెమట పడితే మీ పెళ్లికీ అంతే. ఖాళీ హాల్లో ఏసీ వేసి చూపిస్తే అది చూసినట్టు కాదు. భోజనాల హాలుకి ఏసీ ఉందా లేదా విడిగా అడగాలి. చాలా చోట్ల పైన పెళ్లి హాలుకే ఉంటుంది, కింద భోజనాల దగ్గర ఫ్యాన్లే.

హోమం పొగ ఎటు పోతుందో కూడా చూసుకోండి. తలుపులన్నీ మూసేసిన హాల్లో పొగ పెరిగితే పిల్లలు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లు ఉక్కిరిబిక్కిరి అవుతారు. మండపం దగ్గర పొగ లాగే ఫ్యాను ఉంటే మంచిది. హోమగుండం వైపు పెద్ద ఫ్యాను తిప్పడం మాత్రం చేయకండి, నిప్పురవ్వలు పట్టుచీరల మీద పడతాయి.

3. ఇంటి దగ్గర పందిరి అయితే

మన కొబ్బరాకు పందిరి కింద ఉన్న చల్లదనం గుడ్డ షామియానా కింద ఉండదు, రేకుల షెడ్డు కింద అసలే ఉండదు. కానీ ఆకు పందిరి వానకి ఆగదు, నిప్పుకి అసలే ఆగదు. కాబట్టి జనం కూర్చునే చోట ఆకు పందిరి, దాని మీద ఏటవాలుగా బరకం, వంటకి దూరంగా రేకుల పాక. ఇదీ నేను చెప్పే పద్ధతి.

ఎత్తు బాగా ఉంచండి. మధ్యలో పన్నెండు అడుగులకి తగ్గకుండా ఉంటే వేడి గాలి పైకి పోతుంది. పక్కన గోడల్లా కట్టే పరదాలు అందంగా ఉంటాయి గానీ గాలి ఆడనివ్వవు, పైగా గాలివానకి తెరచాపలా ఉబ్బి పందిరినే లేపేస్తాయి. సముద్రం వైపు, దానికి ఎదురు వైపు, రెండూ ఖాళీగా వదిలేయండి. మధ్యాహ్నం తర్వాత వచ్చే సముద్రపు గాలిని మించిన కూలర్ లేదు.

కూలర్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నీళ్లు పోసే కూలర్లు, తుంపర్లు చల్లే ఫ్యాన్లు పొడి గాలిలోనే పనిచేస్తాయి. పడమర గాలి కొడుతున్న రోజు సుఖంగా ఉంటుంది గానీ, ఉక్కపోతగా ఉన్న రోజు అవి గాలిలో తేమ ఇంకా పెంచుతాయి, చెమట ఆరదు. ఆ డబ్బుతో పెద్ద స్టాండు ఫ్యాన్లు ఎక్కువ తెప్పించి, అన్నీ ఒకే దిక్కుకి గాలి తోసేలా పెట్టించండి.

ఇప్పుడు అందరూ మర్చిపోయేది. పందిరి మీదకి వంగిన కొబ్బరిచెట్లు ఉన్నాయా? ఉంటే రెండు మూడు రోజుల ముందే దింపు తీయించి, ఎండు మట్టలు, గెలల్లో మిగిలిన కాయలు, వేలాడే డొక్కలు అన్నీ కొట్టించేయండి. గాలికి ఒక మట్ట కరెంటు తీగ మీద పడితే ఊరంతా చీకటి, కాయ పడితే మనిషి ప్రాణానికే ప్రమాదం. పార్కింగు కూడా చెట్ల కింద వద్దు.

సరిగ్గా వేశారో లేదో ఎలా చూసుకోవాలి:

- ఒక్కో రాటనీ ఇద్దరు పట్టుకుని గట్టిగా ఊపండి. మొదట్లో మట్టి కదిలిందంటే ఇంకా లోతు తీయాలి. మన ఒండ్రు నేల ఎండినప్పుడు రాయిలా ఉంటుంది, ఒక్క వాన పడితే మెత్తబడిపోతుంది. అందుకని రాట చుట్టూ బిందెడు నీళ్లు పోసి, అరగంట ఆగి మళ్లీ ఊపి చూడండి. అప్పుడు కూడా నిలబడితే సరే.
- బరకం మీద, షామియానా మీద మధ్యలో ఒక బకెట్ నీళ్లు పోయించండి. జారిపోతే బాగుంది. బొజ్జలా దిగి నిలబడితే వాలు చాలదు. వానకి ఆ బొజ్జలో వందల లీటర్లు చేరి గుడ్డ చిరిగి జనం మీద పడుతుంది. పొడవాటి వెదురు కర్రలు అందుకే: చివర గుడ్డ చుట్టి, వాన పడుతుంటే లోపలి నుంచి నెమ్మదిగా ఎత్తి నీళ్లు దింపడానికి.
- మోకులు కట్టిన మేకులు బయటికి వాలుగా దిగి ఉండాలి, నిలువుగా కాదు. జనం కాళ్లకి తగలకుండా తెల్ల గుడ్డ పీలికలు కట్టండి.

బరకాల విషయంలో ముందే జాగ్రత్త పడండి. ఏప్రిల్, మే నెలల్లో దాళ్వా (రెండో పంట) ధాన్యం రోడ్ల మీద, కళ్లాల్లో ఉంటుంది, మబ్బు పట్టగానే ఊళ్లో బరకాలన్నీ ధాన్యం మీదకే పోతాయి. అది న్యాయమే, రైతు పంట ముందు. మీకు కావాల్సినవి ముందే కొనిపెట్టుకోండి.

4. కరెంటు

జనరేటర్ ఉందా అని అడిగితే అందరూ ఉందనే చెబుతారు. అడగాల్సిన ప్రశ్న వేరు: "కరెంటు పోతే ఏసీలు కూడా జనరేటర్ మీద నడుస్తాయా, లైట్లూ ఫ్యాన్లేనా?" ఒక టన్ను ఏసీకి సుమారు ఒక కిలోవాటు పైనే లాగుతుంది. ఇరవై టన్నుల హాలు అంటే ఏసీలకే పాతిక కిలోవాట్ల దాకా పక్కన పెట్టుకోవాలి, మొదలయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ లాగుతాయి.

చెక్ చేసే పద్ధతి సులువు. ముందు రోజు అన్ని ఏసీలు, లైట్లు, మైకు ఆన్ చేసి మెయిన్ కట్టేయమనండి. అరగంట జనరేటర్ మీద నడవాలి. పది నిమిషాలకే ఆగిపోయినా, లైట్లు మిణుకుమన్నా అప్పుడే పెద్దది తెప్పించడానికి టైము ఉంటుంది.

పందిరిలో వైర్లు నేల మీద వదలకూడదు, అతుకులు పైనే ఉండాలి, ఇనుప స్తంభాలకి సీరియల్ లైట్లు నేరుగా చుట్టకూడదు. షాకు కొడితే క్షణంలో కట్టయ్యే బ్రేకర్ బోర్డులో ఉందో లేదో ఎలక్ట్రీషియన్ని అడిగి, దాని టెస్టు బటన్ నొక్కించి చూడండి. మండపం మీద పాతకాలం హాలోజెన్ లైట్లు పెట్టనివ్వకండి, వాటి కింద పెళ్లికూతురు గంటసేపు కూర్చోలేదు. ఎల్ఈడీలే పెట్టమనండి.

5. నీళ్లు, ఐసు

డెల్టాలో ఉండీ నీళ్లకి ఇబ్బందేంటి అనుకుంటారు. దాళ్వా అయిపోయాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్ ప్రాంతంలో వదిలేదాకా ఊరి చెరువులో నిలవ ఉన్న నీళ్లే. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పు. మీ పెళ్లి సరిగ్గా ఆ రోజుల్లోనే. కాబట్టి పంచాయతీ కుళాయి మీద ఆధారపడకుండా వాడుకకి ట్యాంకర్లు ముందే మాట్లాడుకోండి. చేతులు కడుక్కోవడం, గిన్నెలు, బాత్రూములు, విడిది, వీటికి నీళ్లు అనుకున్నదానికంటే ఎక్కువ పోతాయి.

తాగే నీళ్లు మనిషికి రెండు లీటర్లు లెక్క వేసుకోండి. అయిదు వందల మందికి వెయ్యి లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు యాభై. ఎండలో నిలబెట్టిన క్యాన్లు వద్దు, నీడలో తడిగోనెలు కప్పి ఉంచండి. నీళ్ల దగ్గర ఒక మనిషి ఉండాలి. కుర్రాళ్లు చూసుకుంటారులే అంటే ఎవరూ చూడరు.

ఐసు విషయంలో గట్టిగా చెబుతున్నాను. మన దగ్గర ఐసు ఫ్యాక్టరీలు చేపలకి, రొయ్యలకి ఐసు దిమ్మలు పోస్తాయి. అది తాగే నీళ్లతో చేసినదని ఎవరూ హామీ ఇవ్వరు. ఆ ఐసు క్యాన్ల చుట్టూ, డబ్బాల చుట్టూ బయట పెట్టండి, మజ్జిగలో, రస్నాలో, చెరకు రసంలో వేయనివ్వకండి. పెళ్లి తర్వాత "భోజనం పడలేదు" అని వచ్చే ఫోన్లలో చాలావాటికి కారణం భోజనం కాదు, ఈ ఐసే. లోపల వేయాలంటే ప్యాకెట్లలో వచ్చే తినే ఐసు విడిగా తెప్పించండి.

మజ్జిగ ఉదయమే చేసి డ్రమ్ముల్లో పోసేస్తే మధ్యాహ్నానికి పులిసిపోతుంది. పెరుగు చల్లగా ఉంచి, గంట గంటకీ కొంచెం కొంచెం చిలికించండి, ఉప్పు, అల్లం, కరివేపాకు, నిమ్మరసం వేసి. మే నెలలో ముంజలు, కొబ్బరిబొండాలు మన దగ్గరే దొరుకుతాయి. వచ్చిన చుట్టానికి కూల్‌డ్రింకు కంటే బొండం ఇస్తే మర్యాదకి మర్యాద, ఒంటికి మంచిది.

6. వంటలు

వంట ఎంత రుచిగా ఉంది అన్నదానికంటే వండాక ఎంతసేపు ఆగింది అన్నదే ఎండాకాలంలో ముఖ్యం. బయట 32 డిగ్రీలు దాటితే, వండినది పొయ్యి మీద వేడిగా గానీ ఐసులో చల్లగా గానీ లేకుండా గంటకి మించి ఉంచకూడదు. వేడిది 60 డిగ్రీల పైన, చల్లనిది 5 డిగ్రీల లోపు, మధ్యలో ఉన్నదంతా పాడయ్యే దారిలో ఉన్నట్టే. ఐదు వందల మందికి ఒకేసారి వండించకండి. మొదటి పంక్తికి ఒకసారి, తర్వాత వాటికి మళ్లీ. వంటమేస్త్రి కాస్త విసుక్కుంటాడు, ఇంకో ఇద్దరు మనుషుల్ని ఎక్కువ పెట్టుకోమని ఆ కూలి మీరే ఇవ్వండి.

ముందుగా పాడయ్యేవి కొబ్బరి పచ్చడి, పెరుగు పచ్చళ్లు, ముందే నూరిన మసాలా, పాలతో చేసే స్వీట్లు, బూరెల పూర్ణం. పూర్ణం ముందు రోజు రాత్రే చేసి ఉంచేస్తారు, ఉక్కకి తెల్లారేసరికి జిగురు వచ్చేస్తుంది. తెల్లవారుజామున చేసి అప్పటికప్పుడే వేయించమనండి. అన్నం రాశి పోసి గంటలకొద్దీ ఉంచితే అది కూడా ప్రమాదమే, పులిహోర కలపాలన్నా వేడి ఆరగానే కలిపేయాలి.

ధైర్యంగా పెట్టుకోదగ్గవి చాలానే ఉన్నాయి. మామిడికాయ పప్పు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, పులిహోర, ఊరగాయలు, వేపుళ్లు. స్వీటుకి తాపేశ్వరం కాజా ఎండకి చెక్కుచెదరదు. పూతరేకులు ఇష్టమైతే పెట్టండి గానీ గాలి తగలని డబ్బాల్లోంచి వడ్డించే ముందే తీయాలి, తేమకి మెత్తబడిపోతాయి. మాంసం, రొయ్యలు పెట్టేవాళ్లు పొద్దున్నే తెచ్చి ఐసులోంచి నేరుగా పొయ్యి మీదకే వెళ్లేలా చూసుకోండి. మధ్యలో గంగాళంలో మసాలా పట్టించి ఎండలో ఉంచితే ఇక దాన్ని ఎంత ఉడికించినా నమ్మకం లేదు.

చెక్ చేసుకోవడం ఇలా: వడ్డించడానికి పావుగంట ముందు ఇంటి మనిషి ఒకరు ప్రతి గిన్నె దగ్గరికి వెళ్లి వాసన చూసి, చెంచాడు రుచి చూడాలి. గిన్నె మధ్యలోంచి తీసుకోవాలి, పైనుంచి కాదు. అనుమానం వస్తే పారబోయించండి. ఒక కూర తక్కువైందని ఎవరూ అనుకోరు.

గాడిపొయ్యి పందిరికి కనీసం యాభై అడుగుల దూరంలో, గాలి పందిరి వైపు కొట్టని దిక్కున తవ్వించండి. పక్కనే నాలుగు డ్రమ్ముల నీళ్లు, ఇసుక బకెట్లు. బాణసంచా ఆకు పందిరి దగ్గర వద్దే వద్దు. ఇక ఆ పొయ్యి దగ్గర పగలంతా నిలబడే వంటవాళ్లు, గిన్నెలు కడిగే ఆడవాళ్లు, సన్నాయి మేళంవాళ్లు, వాళ్లకి నీడ, మజ్జిగ, ముందు భోజనం. వడదెబ్బ మొదట తగిలేది వాళ్లకే, మనం చివర గుర్తుచేసుకునేది కూడా వాళ్లనే. అది మారాలి.

7. పెళ్లికూతురు, పెళ్లికొడుకు

ఏడు గంటలపాటు బరువైన పట్టుచీరతో కూర్చోబెట్టకండి. మధుపర్కాలు ఎలాగూ నూలువే, ఆ సమయం సుఖంగానే గడుస్తుంది. మిగతా వాటికి ఒక్క ముహూర్తం చీర మాత్రం బరువైనది ఉంచి, రిసెప్షన్‌కి తేలికైనది, ఉప్పాడ జాందానీ లాంటిది, తీసుకోండి. అబ్బాయికి లోపల లైనింగు వేసిన షేర్వానీ వద్దు.

కొన్ని ఇళ్లలో ముహూర్తం దాకా ఏమీ తినరు. అలాగే ఉంచండి, కానీ కొబ్బరినీళ్లు, పాలు, పళ్లరసం తీసుకోవచ్చేమో పంతులు గారిని ముందే అడగండి. చాలామంది సరే అంటారు. పీటల మీద కళ్లు తిరిగాయి అంటే ఎక్కువగా ఖాళీ కడుపు, నీళ్లు లేకపోవడమే. మేనమామ గారికో పిన్నిగారికో ఒక పని అప్పజెప్పండి: గంటకోసారి ఇద్దరికీ ఏదో ఒకటి తాగించడం.

పూలు తెల్లవారుజామునే కడియం నుంచి తెప్పించుకుని తడిగుడ్డలో చుట్టి నీడలో ఉంచండి. మండపం అలంకరణ ముందు రోజు సాయంత్రం చేయిస్తే పెళ్లి టైముకి వాడిపోతుంది.

8. విడిది, రాకపోకలు

మగపెళ్లివారి విడిదిలో ఏసీ పనిచేయకపోతే ఆ మాట పదేళ్లు వినాలి. ముందు రోజు రాత్రి మీవాళ్లెవరైనా అక్కడే పడుకుని చూడటం కంటే మంచి పరీక్ష లేదు.

పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద వచ్చే చుట్టాలు ఉంటే, గాలి ఎక్కువైనప్పుడు పంటు ఆపేస్తారని ముందే చెప్పండి. నరసాపురం, సఖినేటిపల్లి రేవు ఆగితే చించినాడ వంతెన మీదుగా రావాలి. కోటిపల్లి, ముక్తేశ్వరం రేవు ఆగితే రావులపాలెం వైపు నుంచో, యానాం, ఎదుర్లంక వంతెన మీదుగానో. శుభలేఖతో పాటు వాట్సాప్‌లో ఈ రెండో దారి కూడా పంపించండి.

కోసేసిన దాళ్వా చేలో పార్కింగు పెట్టడం మామూలైపోయింది. పొడిగా ఉంటే బాగానే ఉంటుంది. అరగంట వాన పడితే ఒక్క కారు కూడా బయటికి రాదు, ట్రాక్టరుతో లాగాల్సిందే. రైస్ మిల్లు ప్లాట్‌ఫారం, బడి గ్రౌండు, తారు రోడ్డు అంచు ఏది దొరికినా చేను కంటే నయం.

9. వాతావరణం చూడటం, నిర్ణయం తీసుకోవడం

పది రోజుల ముందు ఫోన్లో చూపించే వాన బొమ్మని పట్టించుకోకండి, అటూ ఇటూ మారుతూనే ఉంటుంది. వారం ముందు నుంచి సముద్రంలో అల్పపీడనం ఏమైనా ఉందా అని మాత్రం చూడండి. మూడు రోజుల ముందు నుంచి వాతావరణ శాఖ వాళ్ల జిల్లా హెచ్చరికలు, రంగులు చూడండి: పసుపు అంటే జాగ్రత్త, నారింజ అంటే ఏర్పాట్లు సిద్ధం చేసుకోవాలి, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోవాలి. ఎరుపు వస్తే ఆరుబయట పెళ్లి మానుకోవాల్సిందే. వడగాలుల గురించి రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా చెబుతుంది, మీ మండలం పేరు ఉందేమో చూసుకోండి. పెళ్లి రోజు మూడు గంటల ముందు వచ్చే హెచ్చరికలే అసలైనవి. పిడుగుల కోసం దామిని యాప్ పెట్టుకోండి, చుట్టుపక్కల పిడుగులు పడే అవకాశం ఉంటే ముందే చెబుతుంది.

ఇప్పుడు, లోపలికి మార్చేద్దాం అని చెప్పాల్సిన ఆ మనిషి సంగతి. పెళ్లికూతురు తండ్రి కాకూడదు, ఆయనకి వంద పనులు. పెదనాన్నో, బావగారో, నలుగురూ మాట వినే ఒకరు. ఆయనకి ముందే మూడు విషయాలు రాసి ఇవ్వండి:

- పడమర, వాయవ్యం వైపు నల్లమబ్బు కమ్మి, ఒక్కసారిగా గాలి ఆగిపోయి ఉక్క పెరిగితే, జనాన్ని పక్కా భవనంలోకి పంపడం మొదలుపెట్టాలి. చినుకు పడ్డాక కాదు.
- ఉరుము వినిపిస్తే పందిరి ఖాళీ చేయించాలి. ఇనుప గొట్టాల పందిరి కింద, కొబ్బరిచెట్ల కింద ఒక్కరూ ఉండకూడదు.
- గాలి మొదలైతే ముందు పందిరి మెయిన్ కట్టేయించాలి, తర్వాతే పరదాలు విప్పాలి.

లగ్నం టైముకి అలా జరిగితే? పీటలు, కలశం, హోమగుండం, తాళి ఉన్న పళ్లెం లోపల ఎక్కడ పెట్టాలో ముందు రోజే పంతులు గారికి చూపించి ఉంచండి. పది నిమిషాల్లో మార్చేయొచ్చు. ముహూర్తం తప్పదు, చోటు మారుతుంది, అంతే. పక్కింటి డాబా, బడి, రామాలయం ఏదైనా సరే, ముందే అడిగి పెట్టుకోండి.

10. వడదెబ్బ తగిలితే

నీరసం, తలనొప్పి, విపరీతంగా చెమట అంటే నీడలో పడుకోబెట్టి, ఓఆర్ఎస్ తాగించి, తడిగుడ్డతో ఒళ్లు తుడిస్తే తేరుకుంటారు. పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే చిన్న టీ చెంచా, తలగొట్టి.

మాట తడబడినా, మనిషి తికమకపడినా, ఒళ్లు కాలిపోతున్నా, స్పృహ తప్పినా అది ప్రాణం మీదకొచ్చిన సంగతి. వెంటనే 108కి ఫోను చేయండి, అది వచ్చేలోపు బట్టలు వదులు చేసి ఒంటి మీద నీళ్లు పోస్తూ ఫ్యాను వేయండి, మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐసు గుడ్డలు పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. 2015 మేలో వచ్చిన వడగాలులకి మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు, కాబట్టి కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే అనుకోవద్దు.

బీపీ, గుండె, షుగరు మందులు వాడే పెద్దవాళ్లకి, గర్భిణులకి, చంటిపిల్లల తల్లులకి ఒక చల్లటి గది విడిగా పెట్టండి. అక్షింతలు వేయడానికి వాళ్లని లైన్లో నిలబెట్టకుండా ముందే తీసుకెళ్లి వేయించేయండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

షామియానా డబ్బు మొత్తం ముందే ఇచ్చేయడం. కొంత ఆపి, రాటలు, వాలు చూసుకున్నాకే ఇవ్వండి.

ఊరేగింపు నాలుగింటికి మొదలుపెట్టడం. అప్పటికి తారు రోడ్డు ఇంకా సెగలు కక్కుతుంటుంది. పొద్దు గూకాక, ఆరున్నర తర్వాత పెట్టుకోండి, దూరం తగ్గించండి.

కరెంటోళ్ల నంబరు ఎవరి దగ్గరా లేకపోవడం. 1912 అందరికీ తెలుసు, దాంతో పాటు మీ ఊరి లైన్‌మన్ నంబరు కూడా ఫోన్లో ఉండాలి, పెళ్లి సంగతి ఆయనకి రెండు రోజుల ముందే చెప్పి ఉండాలి.

శ్రావణానికి వాయిదా వేస్తే ఇబ్బందులు ఉండవనుకోవడం. ఎండ ఉండదు నిజమే, కానీ జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరద. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, పదమూడు లక్షలకి రెండోది, పదిహేడు లక్షలకి మూడోది. గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాలవాళ్లు శ్రావణంలో ఊళ్లో పెళ్లి పెట్టుకోకుండా గట్టు దాటి హాలు తీసుకోవడమే మంచిది, మొదటి హెచ్చరికకే పడవల మీద రావాల్సిన ఊళ్లు కొన్ని ఉన్నాయి.

మిగిలిన వంటలు "రాత్రికి పనికొస్తాయి" అని మూతలు పెట్టి ఉంచేయడం. ఎండాకాలంలో ఇది అస్సలు వద్దు. చివరి పంక్తి లేవగానే, ఇంకా వేడిగా ఉన్నవి మాత్రమే పంచాలనుకున్నవాళ్లకి పంచేయండి, పెరుగు, కొబ్బరి, పాలు పడ్డవన్నీ ఆ పూటే పారబోయించండి. అప్పగింతల హడావుడిలో ఈ పని ఎవరికీ గుర్తుండదు, అందుకని దీనికి కూడా ఒక మనిషి పేరు ముందే రాసిపెట్టుకోండి.